పుట్టుమచ్చ గడి

పాస్‌పోర్టు ఫారంలో "కంటికి కనిపించే గుర్తులు" అని ఒక గడి ఉంటుంది. పెద్దవాళ్ళయితే పదో తరగతి సర్టిఫికెట్ తీసి, కుడి చెంప మీద పుట్టుమచ్చ అనో ఎడమ మోచేతి మీద దెబ్బ మచ్చ అనో చెప్పేసేవారు. చిక్కంతా పసిపిల్లలతోనే. విశాఖపట్నం కలెక్టరేట్ ఎదుట చెట్టు కింద రెమింగ్టన్ టైపు మిషను పెట్టుకుని 1984 నుంచి 2012 దాకా ఫారాలు నింపాను. ఆ 28 ఏళ్ళలో ఎంతమంది పసివాళ్ళ ఒంటి మీద పుట్టుమచ్చ వెతికానో లెక్కలేదు. తల్లి చొక్కా పైకెత్తేది, పిల్ల గింజుకునేది, వెనక నుంచి నానమ్మ "వీపు మీద చూడు బాబూ, లాల పోసినప్పుడు నేను చూశాను" అనేది. నెలల పిల్లలకి మచ్చలింకా తేలి ఉండవు. అప్పుడు "లేవు" అని కొట్టేవాణ్ణి. ఆ మాట కొట్టిన ప్రతిసారీ నాకు మనసు ఒప్పేది కాదు.

సంతకం రాని పిల్లలకి వేలిముద్ర. మగపిల్లాడైతే ఎడమ బొటనవేలు, ఆడపిల్లయితే కుడి బొటనవేలు. పసిపిల్ల పిడికిలి విప్పడం చిన్న పని కాదు. బలవంతం చేస్తే ఇంకా బిగిస్తుంది. అరచేతి వెనక మెల్లగా నిమిరితే తనంతట తనే వేళ్ళు తెరుస్తుంది. ఆ క్షణంలో వేలిని ఇంకుప్యాడ్ మీద ఆనించి, కాగితం మీద పక్కకి దొర్లించాలి. ముద్ర కందిగింజంత పడేది. పడీ పడగానే ఆ వేలు నోట్లోకి వెళ్ళబోయేది. అందుకని కొబ్బరినూనెలో తడిపిన గుడ్డ నా ఎడమచేతిలో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. తల్లులు నా దగ్గరికే రావడానికి ఆ గుడ్డ కూడా ఒక కారణమని నా నమ్మకం.

పిల్లల్ని విదేశం తీసుకెళ్ళడానికి ఏమేం సర్దుకోవాలని ఈ వయసులోనూ నన్ను అడుగుతుంటారు. పాలడబ్బా, జ్వరం మందు, ఉన్ని బట్టలు వాళ్ళకే తెలుసు. నేను చెప్పేది ఒకటే. మీ చేయి వదిలి గంటసేపు పిల్ల వేరైతే, అది ఎవరి పిల్లో చెప్పేది ఏదైనా ఆ పిల్ల ఒంటి మీద ఉందా? ముందు అది చూసుకోండి. తక్కినవి డబ్బు పెడితే ఎక్కడైనా దొరుకుతాయి. ఈ మాట నేను ఆఫీసుల దగ్గర నేర్చుకున్నది కాదు. మా ఇంట్లో మూడు తరాల వాళ్ళు సముద్రం దాటి నేర్చుకున్నది.

ఫారంలో ఒంటి గుర్తులు రాసే గడి చాలా పాతది. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో 342 మంది. అక్కడి నేటాల్ ప్రాంతపు చెరకు తోటలకి మనవాళ్ళు కూలి ఒప్పందం మీద వెళ్ళిన మొదటి ఓడ అదే. అప్పటి నుంచి 1911 దాకా 1,52,184 మంది వెళ్ళారు. వాళ్ళలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి ఎక్కినవాళ్ళు, అంటే తమిళులూ తెలుగువాళ్ళూ. ప్రతి ఓడకీ ఒక జాబితా రాశారు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, చివర్న "ఒంటి మీద గుర్తులు". చంకలో పిల్లకీ ఒక వరస, ఒక నంబరు. ఓడ ఎక్కేముందు కూలీల్ని ఉంచే కొన్ని డిపోల్లో ఆ నంబరు కొట్టిన తగరపు బిళ్ళని మెడకి కట్టేవారు. డిపోలో డాక్టరు పరీక్ష చేసి, మశూచికి టీకా వేసేవారు. ఓడ మీద కలరా, తట్టు లేస్తే ముందు పోయేది పసివాళ్ళే. ఆ పిల్లల తల్లులు ఏం సర్దుకున్నారో ఏ జాబితాలోనూ లేదు. సర్కారుకి కావలసింది నంబరూ మచ్చా.

అయినా ఆ జాబితాల వల్లే ఈనాటికీ మనుషులు ఊళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారు. తొంభైల్లో ఒకసారి డర్బన్ నుంచి వచ్చిన దంపతులు నా బల్ల ముందు నిలబడ్డారు. చేతిలో వాళ్ళ ముత్తాత వరస ఉన్న జాబితా నకలు. ఆయన వెళ్ళినప్పుడు ఆరేళ్ళ పిల్లాడు. గుమాస్తా చెవికి వినపడినట్టు ఇంగ్లీషులో రాసిన ఊరి పేరు మన జిల్లాలో మూడు ఊళ్ళకి సరిపోతుంది. నేను పైకి మూడు రకాలుగా పలికాను. మూడో రకం పలికినప్పుడు ఆమె మొగుడి చేయి పట్టుకుంది. వాళ్ళ ఇంట్లో ముసలావిడ అలాగే అనేదట. ఒక ఆరేళ్ళ పిల్లాడి నోటి నుంచి ఊరి పేరు నాలుగు తరాలు దాటి వచ్చింది. కాగితం దాన్ని సగం చెడగొట్టింది, సగం కాపాడింది.

మావాళ్ళు అటు వెళ్ళలేదు, రంగం వెళ్ళారు. రంగూన్ అని ఎవరూ అనేవారు కాదు. ఉత్తరాంధ్రలో ఊరూరా రంగం పోయినవాళ్ళుండేవారు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి మొదట వెళ్ళినవాళ్ళ వల్ల, బర్మావాళ్ళు తెలుగువాళ్ళందర్నీ కోరంగీలు అనేవారు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా మన దేశంతో కలిసే తెల్లవాళ్ళ పాలనలో ఉండేది కనక పాస్‌పోర్టు ఊసే లేదు. టిక్కెట్టు కొనుక్కుని స్టీమరెక్కడమే. 1931 జనాభా లెక్కల్లో 4 లక్షల మంది ఉన్న రంగంలో సగానికి పైగా మన దేశస్తులే.

మా నానమ్మ భీమిలి దగ్గర రేవులో స్టీమరెక్కింది. విశాఖ ఓడరేవు 1933లో గాని రాలేదు. అంతకు ముందు స్టీమరు దూరంగా లంగరు వేసుకునేది. ఒడ్డు నుంచి మసూలా పడవలో వెళ్ళాలి. మేకులు లేకుండా కొబ్బరితాళ్ళతో పలకల్ని కుట్టిన పడవ అది. కెరటం కొట్టినప్పుడు మేకులైతే ఊడిపోతాయి, కుట్టయితే సాగి ఊరుకుంటుంది. పడవ పైకి లేచిన క్షణంలో కింది మనిషి పిల్లని అందిస్తే స్టీమరు నిచ్చెన మీది మనిషి అందుకోవాలి. పడవ దిగిపోతే మళ్ళీ కెరటం వచ్చేదాకా ఆగాలి. నానమ్మ మా నాన్నని అలా అందించానని చెప్పేటప్పుడు, ఎనభై ఏళ్ళ వయసులోనూ రెండు చేతులూ పైకెత్తి చూపించేది.

ఆవిడ మూటలో ఏమున్నాయో నాకు కంఠతా వచ్చు. ఉగ్గుగిన్నె, వసకొమ్ము, శొంఠి, వాము, అటుకులు, బెల్లం, చింతపండు, రెండు కుండల నీళ్ళు. ఓడలో ఇచ్చే నీళ్ళు పిల్లలకి పట్టలేదు. వాముని వేయించి కాచిన నీళ్ళే పట్టింది. డెక్కు మీద నాలుగైదు రోజులు, ఎండకీ వానకీ అక్కడే. దిష్టికి నల్లపూస కట్టింది, అరికాల్లో చుక్క పెట్టింది. రాత్రి పడుకునేటప్పుడు తన చీరకొంగుని పిల్లాడి మొలతాడుకి ముడివేసేది. పిల్లాడు కదిలితే తనకి మెలకువ రావాలని.

అంత తెలిసిన మనిషికి ఒక్కటి తెలియలేదు. అది 1942లో తెలిసింది.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా రోడ్డెక్కింది. ఓడలో చోటు డబ్బున్నవాళ్ళకే దొరికింది. లక్షల మంది నడిచే బయల్దేరారు. మావాళ్ళు ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటి టాంగప్ చేరే దారి పట్టారు. వంద మైళ్ళ అడవి బాట. కలరా. బాట పక్కన నీళ్ళ కోసం చేయి చాచి పడిపోయినవాళ్ళు. టాంగప్ నుంచి పడవల్లో అక్యాబుకీ, అక్కడి నుంచి చిట్టగాంగుకీ. మా నాన్నకి పదేళ్ళు, చిన్నాన్నకి నాలుగు. టాంగప్ ఒడ్డున పడవల కోసం వేలమంది తోసుకుంటున్నప్పుడు చిన్నాన్న తప్పిపోయాడు. మొలతాడూ ఉంది, నల్లపూసా ఉంది. కొంగు ముడే ఆ పగటిపూట వేయలేదు.

రెండు రోజులు వెతికారు. ఒక వంటసాలలో ఎవరో అరవ కుటుంబం దగ్గర ఒక పిల్లాణ్ణి చూశామని ఒకరన్నారు. అడిగితే పిల్లాడు మాట్లాడాడట. ఆ మాటలే మా ఇంటికి మిగిలాయి. నానమ్మ ఒక్కసారే చెప్పింది నాకు. "ఎవల గుంటడివిరా అంటే మా అయ్య గుంటణ్ణి అన్నాడంట. మీదే ఊరురా అంటే రంగం అన్నాడంట. రంగం నుంచి రానోడెవుడురా ఆ దారంట! ఊరి పేరు నేను నేర్పలేదు. గుంటడికి ఊరి పేరు నేర్పలేదు."

ఆ కుటుంబం అప్పటికే పడవెక్కి వెళ్ళిపోయింది. మావాళ్ళు కలకత్తా చేరి, రైలెక్కి వాల్తేరులో దిగేసరికి ఇక్కడా అదే భయం. ఆ ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా కూడా బాంబులు పడ్డాయి. పట్నం ఖాళీ అయింది. వాళ్ళు స్టేషను నుంచి నడిచే ఊరికి పోయారు.

యుద్ధం అయ్యాక తాత మళ్ళీ రంగం వెళ్ళాడు. బతుకు అక్కడే ఉంది. నానమ్మ వెళ్ళింది, నాన్న వెళ్ళాడు, నేను అక్కడే పుట్టాను 1958లో. మాటలు రావడం మొదలయినప్పుడు మా ఇంట్లో పిల్లలకి నేర్పిన మొదటి పద్యం వేమనదీ కాదు, సుమతీ శతకంలోదీ కాదు. నా పేరు ఫలానా, మా అయ్య పేరు ఫలానా, మా ఇంటిపేరు ఫలానా, మా ఊరు ఫలానా, పోస్టు ఫలానా, తాలూకా భీమునిపట్నం, జిల్లా విశాఖపట్నం. రోజూ అన్నం ముందు నానమ్మ అడిగేది. ఒక్క మాట తప్పితే ముద్ద నోటి దగ్గర ఆగేది. నేను ఎన్నడూ చూడని ఊరి పేరు నాకు మా వీధి పేరు కంటే బాగా వచ్చు.

1962 మార్చిలో బర్మాలో జనరల్ నె విన్ సైన్యం అధికారం తీసుకుంది. తర్వాత దుకాణాలు సర్కారువయ్యాయి. 1964 మే 17న 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నారు. మన దేశస్తులు ఓడల కోసం వరసలు కట్టారు. ఆ కొన్నేళ్ళలో సుమారు 3 లక్షల మంది వచ్చేశారు. మేము 1965లో విశాఖకి వచ్చాం. నాన్న ఎంబసీ నుంచి తెచ్చిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌లో మా పేర్లు రాసి ఉన్నాయి. నగలు తీసుకెళ్ళనిచ్చేవారు కాదు.

మా అమ్మ రంగంలో తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. బయల్దేరే ముందు వారం రోజులు ఆవిడ చేసిన పని నా కళ్ళముందే ఉంది. ఎక్సర్‌సైజు పుస్తకంలో కాగితం చింపి, చిటికెనవేలంత వెడల్పున ముక్కలు చేసింది. పిల్లకి ఒక ముక్క చొప్పున నానమ్మ పద్యం పూర్తిగా రాసింది. ముత్యాల్లాంటి చిన్న అక్షరాలు. చెమ్మ తగలకుండా కాగితానికి కొవ్వొత్తి రుద్దింది. చుట్ట చుట్టి రాగి తాయెత్తులో దూర్చి, మూతి లక్కతో మూసింది. ఆంజనేయస్వామి గుడిలో పెట్టి తెచ్చి ముగ్గురు పిల్లల మెడలోనూ కట్టింది. లోపల మంత్రం ఉందని మేమనుకున్నాం. నానమ్మ మాత్రం నా చుబుకం పట్టుకుని, "గుంటడు బయపడిపోతే పద్దెం మర్సిపోతాడు. కాగితం మర్సిపోదు" అంది.

రంగం రేవులో కస్టమ్స్ బల్ల దగ్గర ఒకాయన నా మెడలో తాయెత్తు చూశాడు. లోపల బంగారం దాచారని అనుమానం. చాకుమొనతో లక్క లేపి, అరచేతిలో దులిపాడు. కాగితం చుట్ట పడింది. విప్పి చూశాడు. తెలుగు అక్షరాలూ బర్మా అక్షరాలూ రెండూ గుండ్రంగానే ఉంటాయి గాని ఆయనకి ఒక్కటీ చదవ రాలేదు. అమ్మ బర్మా మాటల్లో ఏదో చెప్పింది. ఆయన నా మొహంలోకి చూశాడు. అమ్మ పొద్దున్నే నా బుగ్గలకి థనకా గంధం రాసింది, అక్కడి పిల్లలకి రాసినట్టే. ఆయన ఆ కాగితాన్ని మళ్ళీ అంతే చుట్టగా చుట్టి, తాయెత్తులో తనే దూర్చి, అమ్మ చేతికిచ్చాడు. మూతికి లక్క లేదు కాబట్టి అమ్మ ఓడలో అన్నం మెతుకుతో అంటించింది. విశాఖలో దిగాక కంచరపాలెం బర్మా క్యాంపులో మాకు చోటిచ్చారు. ఆ తాయెత్తు నా మెడలో పదో తరగతి దాకా ఉంది.

ఓడకి ముందు రంగంలో వేసిన టీకా మచ్చ ఇప్పటికీ నా ఎడమ జబ్బ మీద ఉంది. ఆ రోజుల్లో గుండ్రటి పళ్ళచక్రంలాంటి దానితో చర్మం మీద తిప్పి వేసేవారు. గీరిన చోట పుండు పడి, పొక్కు కట్టి, రాలిపోయాక రూపాయి బిళ్ళంత మచ్చ. తర్వాత నా పాస్‌పోర్టు ఫారంలో ఆ గడిలో నేను కొట్టుకున్నది ఆ టీకా మచ్చనే.

నేను బల్ల పెట్టిన రోజుల్లో పిల్లలకి విడిగా పాస్‌పోర్టు అక్కర్లేదు. తండ్రి పుస్తకంలోనో తల్లి పుస్తకంలోనో "పిల్లలు" అని ఒక పేజీ ఉండేది. పేరు, పుట్టిన తేదీ, ఆడో మగో. చేత్తో రాసి ముద్ర వేసేవారు. చవగ్గా అయిపోయేది, అందరూ అదే అడిగేవారు. నేనూ మొదట్లో అదే నింపాను. టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి తర్వాత నా కళ్ళు తెరిపించింది. మొగుడు గల్ఫులో. పిల్లాడి పేరు అతని పుస్తకంలో ఉంది. సెలవుల్లో వచ్చి వెళ్ళేటప్పుడు ఇంకో నెలలో తల్లీ కొడుకూ రావాలని మాట. పిల్లాడి పేరున్న పుస్తకం మొగుడితో పాటు వెళ్ళిపోయింది. ఈ అమ్మాయి పిల్లాణ్ణి ఎత్తుకుని బొంబాయి దాకా వెళ్ళింది. విమానాశ్రయంలో ఆమె పుస్తకం తిరగేసి, ఈ బిడ్డ నీ బిడ్డ అని ఎక్కడుంది అన్నారు. పాలు తాగే బిడ్డ ఒళ్ళో ఉన్నాడు. తిరిగొచ్చి నా బల్ల ముందు కూర్చుని ఏడ్చింది. ఆ ఫారం నింపింది నేనే. ఆ రోజు నుంచి ఖర్చయినా సరే, పిల్లకి పిల్ల పుస్తకమే అని పట్టుబట్టాను. తర్వాత రోజుల్లో లోకమంతా ఆ దారికే వచ్చింది. ఒక మనిషికి ఒక పుస్తకం అన్నారు. మిషను చదవలేని చేతిరాత పాస్‌పోర్టుల కాలం 2015 నవంబరు 24తో పూర్తిగా ముగిసింది. పిల్లల పేజీ పోయింది. అది పోవడం మంచికే.

పేర్ల సంగతి ఇంతకంటే కష్టం. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. బడి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక పొడి అక్షరమై కూర్చుంటుంది. పెళ్ళయినా చాలామంది ఆడవాళ్ళ కాగితాలు పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటాయి. తండ్రి పుస్తకంలో ఇంటిపేరు పూర్తిగా, పిల్ల పుస్తకంలో పొడి అక్షరంగా, తల్లి పుస్తకంలో ఇంకో ఇంటిపేరు. ఈ ముగ్గురూ ఒకే కుటుంబమని మనకి చూడగానే తెలుస్తుంది. పరాయి దేశం కౌంటరు వెనక కూర్చున్నవాడికి ముగ్గురు ముక్కూ మొహం తెలియని మనుషులు. ఇంటిపేరు గడిలో ఏమీ రాయకుండా వదిలేస్తే అమెరికా వీసా మీద అసలు పేరు తెలియదు అని పడుతుంది. అందుకే పేరు పెట్టే ముందే రండని చెప్పేవాణ్ణి. బారసాల నాడు బియ్యంలో రాసిన పేరు, మున్సిపాలిటీలో రాసిన పేరు, పాస్‌పోర్టులో రాసే పేరు అక్షరం తేడా లేకుండా ఒక్కటిగా ఉండాలి. ఇంటిపేరు పూర్తిగా ఉండాలి.

పుట్టిన తేదీకీ అదే కథ. మా తరంలో బళ్ళో వేసినరోజు మాస్టారు రాసిందే తేదీ. 1989 జనవరి 26 నాడూ ఆ తర్వాతా పుట్టినవాళ్ళకి 2016 డిసెంబరు దాకా జనన ధ్రువపత్రం తప్పనిసరిగా ఉండేది. ఇంట్లో పురుడు పోసుకున్నవాళ్ళు ఆ రోజుల్లో పరుగులు పెట్టారు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆసుపత్రిలో పుట్టినా, పేరు లేకుండా "ఆడ శిశువు" అని నమోదై ఉండేది. పేరు చేర్పించుకోవడం మరిచిపోయేవారు.

టీకాల మీద ఒక మాట. పసుపుపచ్చ పుస్తకం ఒకటి ఉండేది, ఇప్పుడూ ఉంది. మశూచి ముద్ర మూడేళ్ళు చెల్లేది, కలరా ముద్ర ఆరు నెలలు. మశూచి లోకం నుంచి పోయిందని 1980 మేలో ప్రకటించారు, ఆ పేజీ పోయింది. మిగిలింది పచ్చజ్వరం టీకా. ఆఫ్రికాలో చాలా దేశాలకి వెళ్ళే మనవాళ్ళకి ఇది తప్పదు. వేసిన పది రోజుల తర్వాత గాని సర్టిఫికెట్ చెల్లదు. నైజీరియా వెళ్ళే ఒక కుటుంబం ఈ పది రోజుల సంగతి తెలియక టిక్కెట్లు మార్చుకోవలసి వచ్చింది. పిల్లల డాక్టరు దగ్గరికి ప్రయాణానికి నెలన్నర ముందే వెళ్ళండి. ఆరు నెలలు నిండిన పిల్లకి విదేశం వెళ్ళేముందు తట్టు టీకా ముందుగా ఒక డోసు వేస్తారు. అది మామూలుగా వేసే రెండు డోసుల లెక్కలోకి రాదు. ఓడల కాలంలో పిల్లల్ని తీసుకుపోయిన తట్టు ఇదే. సూదితో ఆగుతుందంటే, ఆ తల్లుల్లో ఎవరైనా ఎంత దూరం నడవడానికైనా సిద్ధపడి ఉండేవారు.

పిల్ల ఎవరిదన్న ప్రశ్న ఇప్పుడు ఇంకో రూపంలో వస్తోంది. తల్లీ తండ్రీ విడిపోయి, ఒకరు పిల్లని ఇంకో దేశం తీసుకుపోతే? దేశం దాటించిన పిల్లల్ని వెనక్కి పంపడానికి 1980లో హేగ్‌లో ఒక ఒప్పందం జరిగింది. మన దేశం అందులో లేదు. అందుకే ఒక్కరే పిల్లతో వెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం నోటరీ చేయించి పెట్టుకోమంటారు. మన ఫారాల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం చేసే ప్రకటన ఒకప్పుడు అనుబంధం హెచ్, 2016 డిసెంబరు నుంచి అనుబంధం డి. ఒక్కరే పెంచుతున్న తల్లికి ఇప్పుడు అనుబంధం సి. నా రోజుల్లో ఒంటరి తల్లుల చేత ఇలాంటి కాగితాలు నింపించేటప్పుడు చుట్టూ జనం వినకుండా గొంతు తగ్గించి అడిగేవాణ్ణి. దక్షిణాఫ్రికా 2015 జూన్ 1 నుంచి కొన్నేళ్ళపాటు, తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న జనన పత్రం లేనిదే పిల్లల్ని రానివ్వలేదు. పిల్లల్ని దొంగతనంగా తరలించేవాళ్ళని ఆపడానికే ఆ నియమం. ట్రూరో దిగిన దేశమే అది. ఆ నియమం గురించి పేపర్లో చదివిననాడు నాకు ఆ డర్బన్ దంపతులు గుర్తొచ్చారు.

2006 జనవరిలో హైదరాబాద్ ప్రవాసీ సమావేశంలో విదేశీ పౌరసత్వమున్న మనవాళ్ళకి ఓసీఐ కార్డులు ఇవ్వడం మొదలుపెట్టారు. అమెరికాలో పుట్టిన మన పిల్లల చేతికి ఆ కార్డు వచ్చింది. దాన్ని నమ్ముకున్నవాళ్ళకి 2020లో గట్టి దెబ్బ తగిలింది. కరోనాకి సరిహద్దులు మూసినప్పుడు ఆ కార్డుల చెల్లుబాటు ఆపారు. మే 7న విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళని తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైతే, భారత పౌరులైన తల్లిదండ్రులు ఎక్కవచ్చు, వాళ్ళ ఒళ్ళో అమెరికా పౌరురాలైన పాప ఎక్కకూడదు. మే 22న గాని ఆ పిల్లలకి అనుమతి రాలేదు. ఆ రెండు వారాలూ మా వీధిలో ఒక అమ్మమ్మ రోజూ వచ్చి నా గుమ్మంలో కూర్చునేది. ఉద్యోగం పోయిన కూతురు అక్కడ, ఎనిమిది నెలల మనవరాలు ఆ కూతురి ఒళ్ళో. నా దగ్గర నింపడానికి ఫారమే లేదు.

2012 నాటికి దేశమంతా పాస్‌పోర్టు సేవా కేంద్రాలు వచ్చాయి. ఫారం కంప్యూటర్లో నింపుతారు, నాలుగేళ్ళలోపు పిల్లలకి తెల్ల వెనకతెర ఫొటో తీసుకెళ్ళాలి. పని తొందరగా అవుతోంది, దళారులు తగ్గారు. నేను మిషను ఇంటికి తెచ్చుకున్నాను.

మొన్న మాఘంలో మా అమ్మాయి, నాలుగేళ్ళ మనవరాలు మెల్‌బోర్న్ బయల్దేరారు. అల్లుడు ముందే వెళ్ళాడు. ఫైలు నేనే సర్దాను. పాస్‌పోర్టులు, జనన పత్రం, అల్లుడి సమ్మతి పత్రం, టీకాల పుస్తకం, వాటి నకళ్ళు ఇంకో సంచిలో. అన్నీ అయ్యాక బీరువాలోంచి రాగి తాయెత్తు తీశాను. అరవై ఏళ్ళ కాగితం, మడతల దగ్గర విరిగిపోతోంది, కొవ్వొత్తి మైనం పచ్చబడింది. అమ్మ అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని అలాగే ఉంచి, కొత్త చీటీ రాశాను. ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఇంగ్లీషులో, కింద రెండు ఫోను నంబర్లు. మెడలో లోహం ఉంటే తనిఖీలో మోగుతుందని మా అమ్మాయి అంది. నిజమే. గౌను లోపలి వైపు చిన్న జేబు కుట్టి అందులో పెట్టింది.

రాత్రి అన్నం దగ్గర మనవరాల్ని అడిగాను. పేరు చెప్పింది. అమ్మ పేరు, నాన్న పేరు చెప్పింది. మీదే ఊరమ్మా అంటే, తను రెండుసార్లే చూసిన మా ఊరి పేరు చెప్పి, భీమునిపట్నం దగ్గర, విశాఖపట్నం జిల్లా అని రాగం తీసింది. ఫోను నంబరు చెప్పేటప్పుడు చివరి రెండంకెలు తారుమారు చేసింది. ముద్ద చేతిలో పట్టుకుని మళ్ళీ చెప్పించాను.